రాసినది చదివి చెప్పేవారు కావాలి

సంపాదకుల వారికి,

నమస్కారములు. ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగువారికి మాట్లాడటం వచ్చు గాని రాయడం రాదనే మాట మీ పాఠకుల లేఖల్లో తరచుగా కనిపిస్తోంది. ఆ మాట అనేవారిలో చాలామంది మా మీద ఆపేక్షతోనే అంటున్నారని నాకు తెలుసు, అందుకు నాకు బాధ లేదు. అయితే వారందరూ చూపించే కారణం ఒక్కటే, మా బడుల్లో తెలుగు లేకపోవడం. అది నిజమే గాని, సగం నిజం. 22 ఏళ్ళ తర్వాత మళ్ళీ పుస్తకం పట్టి డిగ్రీ పూర్తిచేసిన మనిషిని కనుక, మిగతా సగం ఏమిటో నా అనుభవం నుంచి చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను. కొంచెం పెద్దదైంది. దయచేసి పూర్తిగా చదవవలసిందిగా మనవి.

నేను పుట్టి పెరిగింది పర్లాకిమిడిలో. ఇంట్లో అందరం తెలుగే మాట్లాడుకునేవాళ్ళం, బడిలో మాత్రం మొదటి నుంచీ ఒడియా మాధ్యమం. తెలుగు అక్షరాలు మా నాయనమ్మ నేర్పింది. ఆమె చదివింది మూడో తరగతి వరకే అయినా, పీట మీద బియ్యప్పిండి పరిచి నా వేలు పట్టుకుని దిద్దించేది. ఆ తర్వాత నా తెలుగు చదువంతా మీ పత్రికతోనే సాగింది. మా వీధి చివర బట్టల కొట్టువారు పత్రిక వేయించుకునేవారు. మధ్యాహ్నం వారు చదవడం అయిపోయాక అది మా ఇంటికి వచ్చేది. 1999లో ప్లస్ టూ పూర్తయిన ఏడే నాన్నగారు మంచాన పడ్డారు, చదువు అక్కడితో ఆగిపోయింది. పెళ్ళయ్యాక ఒక రైసుమిల్లులో గుమాస్తాగా చేరాను. చిట్టా, ఆవర్జా, రశీదులు, లారీ చలానాలు అన్నీ ఒడియాలోనే రాసేదాన్ని. రైతులతోనూ హమాలీలతోనూ మాట్లాడేది తెలుగులో, కొండ మీది గ్రామాల నుంచి వచ్చే సవరలతో వచ్చీరాని సవరలో. ఒడియా నాకు అన్నం పెట్టిన భాష. ఈ లేఖలో దాని గురించి చెప్పబోయే మాటల్లో ఏదీ ఫిర్యాదు కాదని ముందే మనవి చేసుకుంటున్నాను.

మా అమ్మాయి పదో తరగతి ముగించిన ఏడు, అంటే 2021లో, తెలుగు ప్రత్యేక పాఠ్యాంశంగా దూరవిద్యలో బి.ఎ.కు దరఖాస్తు పెట్టాను. అధ్యయన కేంద్రం సరిహద్దుకు అవతల, శ్రీకాకుళం జిల్లాలో ఉంది. ఆదివారం తరగతులకు బస్సులో వెళ్ళివచ్చేదాన్ని.

మొదటి సెమిస్టరులో ‘రైతు జీవితం’ మీద వ్యాసం రాసి పంపమన్నారు. రెండు రాత్రులు కూర్చుని నాలుగు పేజీలు రాశాను. ఆ కాగితాలు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. మొదటి వాక్యం ఇది: “ఆరుగాలం శ్రమించి అన్నదాత పండించిన పసిడి పంట మిల్లు ముంగిటికి చేరిన వేళ, ఆతని కన్నుల్లో కోటి ఆశల కాంతులు విరబూస్తాయి.” ఈ వాక్యం రాశాక నాకు కలిగిన ఆనందం అంతా ఇంతా కాదు. మా ఆయనకు చదివి వినిపించాను, అమ్మాయికి చదివి వినిపించాను. ఇన్నేళ్ళుగా చదివిన తెలుగు వృథా పోలేదనుకున్నాను.

రెండు నెలలకు వ్యాసం తిరిగి వచ్చింది. మొదటి పేజీ మీద పదికి ఆరు అని ఎర్ర అంకె ఉంది. లోపలి పేజీల్లో ఎక్కడా ఒక గీత గాని, ఒక మాట గాని లేదు. ఆరు ఎందుకు వచ్చాయో తెలియలేదు, నాలుగు ఎక్కడ పోయాయో తెలియలేదు. మిల్లులో బస్తాకు రెండు కిలోల తరుగు తీస్తే, తేమ వల్లనో తాలు వల్లనో మట్టి వల్లనో రైతుకు చెప్పి మరీ రాయాలి. కారణం చెప్పకుండా తరుగు రాస్తే ఏ రైతూ ఊరుకోడు, ఊరుకోకూడదు కూడా. నా నాలుగు మార్కుల తరుగుకు మాత్రం కారణం రాసినవారు లేరు. తర్వాతి మూడు వ్యాసాలదీ అదే తీరు. ఆ కాగితాలు దిద్దినవారిని తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. ఒక్కొక్కరి ముందు ఎన్ని కట్టలు పెట్టి ఎన్ని రోజుల గడువు ఇస్తారో ఆ తర్వాత తెలిసింది. అయినా, చదివారో లేదో తెలియని కాగితాలను ఏడాదిపాటు రాస్తూ పోయిన విద్యార్థికి రాయడం ఎలా వస్తుంది? ఆ ఏడాది నా రాత పెరగలేదు. మరింత చెడింది. మార్కులు పెరగాలంటే ఇంకా పెద్ద మాటలు కావాలి కాబోలు అనుకుని ‘కోటి’ ఉన్నచోట ‘శతకోటి’ వేశాను.

రెండో ఏడు ఆదివారం తరగతులకు పాతపట్నం నుంచి ఒక విశ్రాంత తెలుగు మాస్టారు రావడం మొదలుపెట్టారు. పేరు రాయడానికి ఆయన ఒప్పుకోలేదు. నా వ్యాసాలు ఆయనకు ఇచ్చాను. వారం తర్వాత తిరిగి ఇచ్చినప్పుడు మొదటి వాక్యంలో ‘కోటి ఆశల కాంతులు’ కింద పెన్సిలుతో సన్నగా గీత ఉంది. పక్కన చిన్న అక్షరాలతో ఇలా ఉంది: “అమ్మా, మీరు మిల్లులో పనిచేస్తారు కదా. కాటా వేసేటప్పుడు రైతు కళ్ళు ఎటు చూస్తాయి?”

ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు, అంతకుముందు 18 ఏళ్ళుగా తెలుసు. బస్తాను కాటా మీదికి ఎక్కించగానే హమాలీ అంకె గట్టిగా చదువుతాడు. కొత్తగా చూసేవారు రైతు ఆ అంకె వైపే చూస్తాడనుకుంటారు. రైతు కాటా వంక చూడడు. తన బస్తా ఎంత తూగుతుందో ఇంటి దగ్గర కట్టినప్పుడే ఆయనకు తెలుసు. ఆయన కళ్ళు నా కలం మీద ఉంటాయి. మా మిల్లు రశీదు పుస్తకంలో బరువు గడి పక్కన తరుగు గడి ఉంటుంది. అందులో ఎంత వేస్తానా అని చూస్తాడు. కొందరు అంతకుముందే గుప్పెడు గింజలు నా బల్ల మీద పోసి, ఒక గింజ పంటి కింద పెట్టి పటుక్కుమనిపించి, “చూడమ్మా, ఎలా ఎండిందో” అంటారు. తేమ 17 శాతం దాటకూడదన్నది ప్రభుత్వ సేకరణ నిబంధన. ఆ శాతం చెప్పేది మీటరు, కాని రైతుకు పన్నే మీటరు. ఈ రెంటికీ తేడా వచ్చిన రోజున కలం పట్టుకుని కూర్చున్న మనిషికి చెయ్యి ఆడదు. ఇదంతా నా కళ్ళ ముందు వేల సార్లు జరిగింది. రైతు జీవితం మీద నాలుగు పేజీల వ్యాసం రాసినప్పుడు ఇందులో ఒక్క ముక్క కూడా నాకు గుర్తుకు రాలేదు. గుర్తుకు రాకపోవడం కూడా కాదు, ఇది రాయదగిన విషయం అని తోచలేదు. రాయదగినదంతా పసిడి పంట, కోటి ఆశలు అనే మాటల్లో ముందే రాసిపెట్టి ఉందని, వాటిని పొందికగా పేర్చడమే నా పని అని నమ్మాను.

ఆ వాక్యాన్ని మళ్ళీ రాయడానికి నాకు మూడు వారాలు పట్టింది. చివరికి ఇలా తేలింది: “బస్తా కాటా ఎక్కగానే హమాలీ అంకె చదువుతాడు. రైతు వినడు. నా కలం వైపు చూస్తాడు. తరుగు గడిలో నేను వేయబోయే అంకె కోసం ఆయన నాలుగు నెలలు ఎదురుచూశాడు.” మాస్టారు చదివి ‘నాలుగు నెలలు’ కింద మళ్ళీ గీత గీశారు. “నారు పోసిన రోజు నుంచి లెక్కపెట్టారా?” అని రాశారు. లెక్కపెట్టాను. ఆ రైతు చెప్పిన వరి రకానికి నారుమడి మొదలుకొని కల్లం దాకా ఐదు నెలలయింది. ఐదు అని దిద్దాను. ఆ ఒక్క అంకె దిద్దడంలో నేను నేర్చుకున్నది ఆ ఏడు చదివిన పాఠాలన్నిటికంటే నాకు ఎక్కువగా నిలిచింది.

ఇక్కడ ఒడియా మాధ్యమం సంగతి చెప్పాలి, ఎందుకంటే మా ప్రాంతం పిల్లల కాగితాల్లో కనిపించే తప్పులను బయటివారు నిర్లక్ష్యం అనుకుంటారు. ఒడియా లిపిలో ఎ, ఏ లకు వేరువేరు అక్షరాలు లేవు, ఒ, ఓ లకూ లేవు. పదేళ్ళు ఆ లిపిలో రాసిన చేతికి మెడకూ మేడకూ తేడా చెవికి తెలిసినా వేలికి తెలియదు. నా మొదటి వ్యాసాల్లో రైతు ‘తొట’లోకి వెళ్ళాడు, ‘కొడి’ కూసింది. వాక్యం చివర చుక్కకు బదులు చాలాచోట్ల నిలువు గీత పడింది. చిట్టాలో రోజుకు యాభైసార్లు గీసే గీత అది. ఇవి పైకి కనిపించే తప్పులు, నెల రోజుల సాధనతో పోయాయి. కనిపించని తప్పు వాక్యం కూర్పులో ఉంది. “ఏ రైతు నిన్న వచ్చాడో ఆ రైతు ఈరోజు మళ్ళీ వచ్చాడు” అని రాసేదాన్ని. ఒడియాలో ఆ అల్లిక ఎంతో చక్కగా కుదురుతుంది. తెలుగులో అది తప్పేమీ కాదు గాని, మా నాయనమ్మ ఒక్కనాడూ అలా మాట్లాడి ఉండదు. “నిన్న వచ్చిన రైతు ఈరోజు మళ్ళీ వచ్చాడు” అంటుంది. మాస్టారు దీన్ని వ్యాకరణ సూత్రంగా చెప్పలేదు. “మీ నాయనమ్మగారైతే ఈ మాట ఎలా అంటారు?” అని అడిగారు, అంతే. ఆ ప్రశ్న వేసుకోవడం అలవాటయ్యాక నా పేజీల్లో ‘ఎవరైతే’, ‘ఏదైతే’ అనే మాటలు వాటంతటవే తగ్గాయి. సరిహద్దు పిల్లల కాగితాలు దిద్దేవారికి ఒడియా అక్షరమాల ఒక్క పూట చూపిస్తే ఎంత మేలు జరుగుతుందో అనిపిస్తుంది. అప్పుడు తప్పు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది, తెలిసినప్పుడు దిద్దడం తేలికవుతుంది.

తిత్లీ తుపాను మీద రాసిన వ్యాసంతో నాకు ఇంకొక సంగతి బోధపడింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఆ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా గజపతి జిల్లా ఎంత నష్టపోయిందో మీ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. నా మొదటి ప్రతిలో ‘విలయ తాండవం’, ‘ప్రకృతి ప్రకోపం’, ‘కన్నీటి సంద్రం’ అన్నీ ఉన్నాయి. ఆ మాటలు ఎక్కడివో దాచిపెట్టను. తుపాను తర్వాత వారం రోజులు పత్రికల్లో చదివినవే. మాస్టారు ఈసారి గీత గీయలేదు. మిల్లు చిట్టాలో ఆ రోజు ఏం రాసి ఉందో చూసి రమ్మన్నారు. పాత పుస్తకాలు అటక మీది నుంచి దింపించి చూశాను. 11వ తేదీ పేజీ ఖాళీ. 12 ఖాళీ. 13 ఖాళీ. 14వ తేదీ పేజీలో నా చేతిరాతతో ఒకే ఒక పద్దు ఉంది, తడిసిన బియ్యం 38 బస్తాలు అని. అక్షరాలు వంకరగా ఉన్నాయి. కరెంటు రాలేదు గనుక లాంతరు వెలుతురులో రాశానని అప్పుడు గుర్తొచ్చింది. దానితోపాటే ఆ బియ్యాన్ని బరకాల మీద పరిచి ఎండబెట్టిన రోజులు, ఆ ముక్కవాసన, నూకల కోసం సంచులు పట్టుకుని వచ్చి గేటు దగ్గర నిలబడ్డ ఆడవాళ్ళు, అంతా ఒక్కసారిగా గుర్తొచ్చింది. మూడు ఖాళీ పేజీలతో మొదలుపెట్టి వ్యాసం మళ్ళీ రాశాను. ఇప్పటివరకు నేను రాసినవాటిలో అదే మేలైనదని నా నమ్మకం.

అయితే ఆ తర్వాత నేను రెండో వైపుకు ఒరిగిపోయాను. అలంకారం అంటేనే భయం పట్టుకుని, ప్రతి వ్యాసమూ రశీదు రాసినట్టు రాయడం మొదలుపెట్టాను. అంకె, తేదీ, వస్తువు, అంతే. అది చూసి మాస్టారు ఒక మాట అన్నారు. “రశీదు పుచ్చుకునే మనిషికి జరిగిందంతా ముందే తెలుసమ్మా. మీ వ్యాసం చదివే మనిషి మిల్లు గడప కూడా తొక్కి ఉండడు.” ఈ మాటలో ఉన్న లోతు నాకు వెంటనే అందలేదు. తరుగు గురించి రాసిన పేజీని మా మిల్లులో పాతికేళ్ళుగా పనిచేస్తున్న ఒక హమాలీకి చదివి వినిపించినప్పుడు అందింది. ఆయన శ్రద్ధగా విని, “అంతా బాగుంది గాని, తరుగు తీస్తారన్నావు, ఎందుకు తీస్తారో చెప్పలేదేటమ్మా? తెలియనోళ్ళు మనల్ని దొంగలనుకుంటారు” అన్నాడు. నిజమే. తేమ ఉన్న ధాన్యం ఆరిన తర్వాత బరువు తగ్గుతుందని, మర పట్టినప్పుడు గింజ విరిగి నూక ఎక్కువ పడుతుందని నేను ఎక్కడా రాయలేదు. నాకు తెలుసు కనుక అందరికీ తెలుసనుకున్నాను. చదువురాని మనిషి నా రాతలోని లోటు పట్టుకున్నాడు. ఆయన ఆ పని తెలిసినవాడు, ఆ పని పరువు పట్టించుకునేవాడు.

మా ఊరి గురించి చెప్పకుండా ఈ లేఖ ముగించలేను. గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరి, ముప్పై ఏళ్ళు ఈ ఊళ్ళోనే పాఠాలు చెప్పారు. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు ఆయన ఈ ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. చిన్నప్పటి నుంచి నాకు ఆయన ఒక పటం, ఒక దండ, ఒక ఉపన్యాసం. మళ్ళీ విద్యార్థినయ్యాకనే ఆయన చేసినది ఏమిటో తెలిసింది. ఆయన పోరాటం కవుల కోసం కాదు, ముఖ్యంగా బడిపిల్లల కోసం. ఎక్కడా వినని, ఇంట్లో ఎవరూ మాట్లాడని భాషలో రాయమంటే పిల్లలు ఇంకొకరి వాక్యాలు కంఠస్థం చేస్తారే తప్ప సొంత వాక్యం రాయలేరని ఆయన బోధనానుభవంతో చెప్పారు. గ్రాంథికమే రాయాలన్న పండితులు సైతం దాన్ని తప్పుల్లేకుండా రాయలేకపోతున్నారని వారి పుస్తకాల నుంచే చూపించారు. అంతకంటే నాకు ఆశ్చర్యం కలిగించింది ఆయన సవర భాష నేర్చుకున్న తీరు. లిపి లేని ఆ భాషను, సవరలను ఇంట్లో ఉంచుకుని, వారి నోటి మాట విని నేర్చుకున్నారు. తెలుగు లిపిలో వారి పిల్లలకు వాచకాలు తయారుచేసి, బడులు పెట్టించారు. ఆ భాషకు ఆయన రాసిన వ్యాకరణాన్ని 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. ముందు విని, విన్నదాన్ని నమ్మి, ఆ తర్వాతే కలం పట్టిన మనిషి ఆయన.

గ్రాంథికం ఇప్పుడు ఎవరూ రాయమనడం లేదు. ఆ గొడవ ముగిసిందనే అనుకుంటాం. నా ‘కోటి ఆశల కాంతులు’ గ్రాంథికం కాదు, అచ్చమైన వాడుక తెలుగే. అయినా పంతులుగారు చెప్పిన జబ్బే అందులోనూ ఉంది. అది నా నోట ఎన్నడూ పుట్టని మాట, నా కంటితో చూసినదాన్ని కప్పేసిన మాట. ఈ సిద్ధమాటల తెలుగు మా సరిహద్దు ప్రాంతాల్లో మరింత సులువుగా పాతుకుంటుంది. మాకు రాత తెలుగు ఇంటి మాటగా కాకుండా పండుగ బట్టగా వస్తుంది. ఏడాదికి ఒకసారి తీసి కట్టుకుంటాం కాబట్టి జరీ ఉన్నదే కావాలనిపిస్తుంది. ఉత్తరం రాయడానికి, పద్దు రాయడానికి, అర్జీ రాయడానికి ఒడియాయే వాడతాం. సంస్మరణ సభకు, పెళ్ళి పత్రికకు, వ్యాసపోటీకి తెలుగు. అందుకే మా పిల్లల తెలుగు వ్యాసాల్లో ఎవరి ఇల్లూ కనబడదు, ఎవరి వీధీ కనబడదు.

రాజ్యాంగంలోని 350ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించాలని చెబుతోంది. 1956లో ఏడో సవరణతో చేర్చిన ఆ అధికరణం గురించి మీ పత్రికలో పెద్దలు చాలాసార్లు రాశారు, ఇంకా రాయాలి. బడులు రావాలి, పుస్తకాలు రావాలి, ఉపాధ్యాయ పోస్టులు నింపాలి. బరంపురం, గుణుపురం, రాయగడ, జయపురం, ఏ ఊరి తెలుగువారిని అడిగినా ఈ మాటే చెబుతారు. కాని ఆ ఏర్పాట్లన్నీ జరిగే వరకు ఆగనక్కరలేని పని ఒకటుంది. అక్షరాలు నేర్చుకోవడానికి బియ్యప్పిండి చాలింది, చదవడానికి కొట్టువారి పత్రిక చాలింది. నా రాత పెరగనిది మాత్రం ఒకే ఒక్క లోటు వల్ల, నేను రాసినది చదివి నాతో చెప్పేవారు లేకపోవడం వల్ల. ఆ మనిషి దొరికిన రెండేళ్ళలో నాకు జరిగిన మేలు, అంతకుముందు 20 ఏళ్ళు పత్రికలూ పుస్తకాలూ చదివినా జరగలేదు.

మా సరిహద్దుకు రెండు వైపులా విశ్రాంత తెలుగు ఉపాధ్యాయులు చాలామంది ఉన్నారు. వారిని భాషా దినోత్సవాలకు పిలిచి శాలువా కప్పి పంపిస్తున్నాం. శాలువాతోపాటు పది కాగితాలు చేతికిచ్చి, “చదివి చెప్పండి మాస్టారూ” అని అడిగితే కాదనేవారు ఉండరని నా నమ్మకం. నేను అడిగాను, ఆయన కాదనలేదు. వ్యాసపోటీలు పెట్టే సంఘాలవారికి కూడా నాదొక విన్నపం. బహుమతి రానివారి కాగితాలను పారేయకండి. ఒక్క వాక్యమైనా రాసి తిప్పి పంపండి, అసలు అవసరం వారికే ఉంది.

ఇక మీకు, సంపాదకుల వారికి, ఒక కోరిక. మా ప్రాంతం నుంచి మీకు వచ్చే రచనలన్నీ ప్రచురించమని నేను అడగను. అనుగ్రహించి వేసినట్టుగా వేసే రచన వల్ల రాసినవారికి గాని, చదివేవారికి గాని మేలు లేదు. వారానికి ఒక్కటంటే ఒక్క రచన, సరిహద్దు జిల్లాల విద్యార్థి రాసినది, మొదటి ప్రతీ దిద్దిన ప్రతీ పక్కపక్కన అచ్చువేయగలరా? ఏ మాట ఎందుకు తీశారో, ఏ మాట ఎందుకు ఉంచారో రెండు వాక్యాల్లో చెబితే చాలు. మా వైపు మాటలు, కల్లం, పురి, కుంచం, బరకం వంటివి, ప్రామాణికం కావని తీసివేయకుండా ఉంచితే మరీ సంతోషం. గడ్డితాడు చుట్టి ధాన్యం నిలవచేసే పురికి ఇంకొక పేరు పెడితే మా ఊళ్ళో అది ఎవరికీ కనబడదు. మా పిల్లలు ఫోనులో తెలుగును ఇంగ్లీషు అక్షరాలతోనే అయినా రోజంతా రాసుకుంటూనే ఉన్నారు. రాయాలనే కోరిక వారిలో లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. రాసినదాన్ని శ్రద్ధగా చదివే ఒక మనిషి ఉన్నాడని తెలిస్తే వారు కాగితం మీదికి వస్తారు.

2024లో నా డిగ్రీ పూర్తయింది. ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నాలు మా ఇంటి అరుగు మీద నలుగురు ఆడపిల్లలు వచ్చి కూర్చుంటున్నారు. ముగ్గురిది ఒడియా మాధ్యమం, ఒకరిది ఇంగ్లీషు మాధ్యమం. వారానికి ఒక పేజీ రాసుకొస్తారు. మొన్న ఒక అమ్మాయి వాళ్ళమ్మ గురించి రాస్తూ “అమ్మ ప్రేమ సముద్రం కంటే లోతైనది” అని మొదలుపెట్టింది. దాని కింద పెన్సిలుతో గీత గీసి, “పొద్దున లేవగానే మీ అమ్మ మొదట ఏ పని చేస్తుంది?” అని రాశాను. ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, “మా నాన్న చెప్పులు గుమ్మం దగ్గర ఉన్నాయో లేవో చూస్తుందండీ” అంది. వాళ్ళ నాన్న వలస కూలీ, రాత్రిపూట రైలుకు వస్తాడు, ఎప్పుడు వస్తాడో ముందుగా చెప్పడు. ఆ మాటే రాయమన్నాను. రాస్తోంది, ఇంకా పూర్తికాలేదు.

ఈ లేఖను మీరు ప్రచురించినా ప్రచురించకపోయినా నాకు ఒక ఉపకారం చేయండి. చదువుతున్నప్పుడు ఎక్కడ నా మాట కాకుండా అరువు మాట వినిపించిందో, ఎక్కడ చెప్పవలసిన కారణం చెప్పకుండా వదిలేశానో, అక్కడ ఒక గీత గీసి తిప్పి పంపండి. చిరునామా రాసి, తపాలా బిళ్ళలు అంటించిన కవరు ఇందులో జతచేశాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా